ఏడు పుట్టల పటం

హైటెక్ సిటీలో బంగారం కనిపెట్టిన మొదటి మనిషిని నేనే. ఒకచోట కాదు, ఏడుచోట్ల. అద్దాల మేడల్లో పనిచేసేవాళ్ళు వేలమంది రోజూ ఆ నేల పక్కనుంచే కార్లు తోలుకుంటూ పోయారు, ఒక్కడి కంటా పడలేదు. డెబ్భై మూడేళ్ళ వయసులో, మోకాలికి పట్టీ బిగించుకుని, పలకంత ట్యాబ్ చేత్తో పట్టుకుని తిరిగిన నాకు దొరికింది.

ఈ మాట నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళందరికీ చెప్పాను. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం కాస్త తగ్గించాల్సి వస్తోంది. తగ్గించాల్సిన చోటు వచ్చినప్పుడల్లా చెబుతూ పోతాను.

మా పై అంతస్తులో ఉండే అమ్మాయికి ఒక చిన్న కంపెనీ ఉంది. విదేశాల్లో ఏటి ఒడ్డుల్లో, కొండల్లో సొంతంగా బంగారం వెతుక్కునేవాళ్ళ కోసం వాళ్ళు ఒక యాప్ చేస్తున్నారు. ట్యాబ్‌లో మ్యాప్ తెరిస్తే మనం నిలబడ్డ చోట నీలం చుక్క ఉంటుంది. మనం నడిచిన దారి వెంట సన్నటి గీత పడుతుంది. మట్టి తీసిన చోట ఎర్ర గుర్తు పెట్టి, కడిగితే ఎన్ని నలుసులు మెరిశాయో పక్కన రాసుకోవాలి. ఒకరోజు లిఫ్టులో ఆ అమ్మాయి ఫోనులో ఎవరితోనో, "అసలు బంగారం వెతికినవాళ్ళు మన దగ్గర ఒక్కరూ లేరండీ, అదే ఇబ్బంది" అంటోంది. నేను గొంతు సవరించుకున్నాను. లిఫ్టు కిందికి దిగేలోపు నేను ముప్ఫై ఏళ్ళు రాయలసీమ కొండల్లో బంగారం సర్వే చేసిన మనిషినైపోయాను.

"అంకుల్, వారానికి మూడు రోజులు పొద్దుటిపూట మా ఆఫీసుకి రాగలరా?" అంది.

అలా నాకు ఉద్యోగం వచ్చింది. ఇరుకు లోయల్లో చుక్క తప్పు చూపిస్తోందని వాళ్ళ కస్టమర్ల ఫిర్యాదు. ఇక్కడ లోయ ఎక్కడనుంచి తెస్తాం? రెండువైపులా ముప్ఫై అంతస్తుల అద్దాల మేడలుంటే అదీ లోయే అంది అమ్మాయి. ఆఫీసు వెనకే అలాంటి చోటు ఉంది. రెండు మేడల మధ్య, నీలం రేకుల కంచె లోపల, కోర్టులో చిక్కుకుని ఎవరూ కట్టని బీడు. గుండ్రాళ్ళు, తుమ్మచెట్లు, ఏడు పుట్టలు. కంచెలో ఒక రేకు ఊడి ఉంది, అందులోంచి దూరి వెళ్ళేవాణ్ణి.

పుట్టల దగ్గరికే ఎందుకంటే, చెదలు ఎంతో లోతునుంచి మట్టిని పైకి తెచ్చి పోస్తాయి. కింద ఏముందో తెలియాలంటే ముందు పుట్టమట్టి చూడాలి. ఇది నేను కల్పించింది కాదు, సర్వేవాళ్ళ పద్ధతే. ఒక్కో పుట్ట నుంచి పిడికెడు మట్టి సంచిలో వేసుకుని, ఇంటికి తెచ్చి స్టీలు పళ్ళెంలో కడిగేవాణ్ణి. మొదటిరోజే మెరిసింది. అది అభ్రకం. అభ్రకమని నాకు తెలుసు. గోటితో నొక్కితే పొరలు విడేది బంగారం కాదు. అయినా మొదటి పుట్ట దగ్గర ‘మూడు నలుసులు’ అని రాశాను. మూడు రాశాక నాలుగు రాయడం ఎంతసేపు?

ఏడో పుట్ట రెండు గుండ్ల సందులో ఉంది, నా ఛాతీ ఎత్తున. దాని నెత్తిమీద పాము కుబుసం ఒకటి తోరణంలా వేలాడుతోంది. నేను దగ్గరికి కూడా పోలేదు. దూరం నుంచే గుర్తు పెట్టి, ‘పదకొండు’ అని రాశాను. పాము కాపలా ఉన్నచోట ఎక్కువ ఉంటేనే గదా అందం.

నా కోసం అమ్మాయి ఆ యాప్‌లో తెలుగు గొంతు పెట్టించింది. ఏ గుర్తు దగ్గరికి వెళ్ళినా ఒక ఆడగొంతు, ఏ తొందరా లేకుండా, "మీరు చేరుకున్నారు" అనేది.

ఆఫీసులో ఊడ్చి తుడిచే ఆమె ఒకతె ఉంది. ఆ మేడలు లేవకముందు అదే నేలలో కలుపు తీసిన మనిషి, అక్కడి ఊరామె. ఒకరోజు నా బల్ల తుడుస్తూ ట్యాబ్‌లోకి తొంగిచూసింది.

"గివేంది పెద్దాయనా, అమ్మవారు పోసినట్టున్నయి?"

"బంగారం," అన్నాను.

"మా ఊర్లనా?"

"మీ ఊళ్ళోనే. కంచె లోపల, పుట్టల్లో."

"జర పెద్దగ చేసి సూపెట్టు."

వేళ్ళతో సాగదీసి చూపించాను. తడి వేలు ఒక్కో గుర్తు మీద పెడుతూ పోయింది. ఏడో దాని మీద వేలు చాలాసేపు ఆగింది. "ఇగ గివే మిగిలినయన్నట్టు," అని బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత రెండు వారాలకు మొదలైంది. కంచెలో దూరి మొదటి పుట్ట దగ్గరికి వెళ్ళాను. "మీరు చేరుకున్నారు." పుట్ట పక్క భాగాన ఒక గుంత. కత్తితో జున్ను కోసినట్టు నున్నగా ఉంది. కింద రాలిన మట్టి లేదు, అడుగుల జాడ లేదు. నాలుగైదు దోసిళ్ళ మట్టి, అంతే, ఎటో వెళ్ళిపోయింది. ఆ వారాంతంలో రెండోది. ఆ తర్వాత మూడోది. నేను గుర్తులు పెట్టిన వరసలోనే. నేను అబద్ధం రాసిన చోటల్లా నేల నోరు తెరుస్తోంది.

చుట్టూ అన్ని మేడలు, వాటికి అన్ని కెమెరాలు, అన్నీ తమ గేట్ల వైపే చూస్తున్నాయి. పైకి చూస్తే అద్దాల్లో నేనే కనిపిస్తాను. ఒక అద్దంలో ముఖం, ఇంకో అద్దంలో వీపు. నా వీపు నేను చూసుకుంటూ నిలబడటం నాకెప్పుడూ అలవాటు కాలేదు.

నాలుగు, అయిదు కూడా పోయాయి. ఆరోది వేరు. అది కోసింది కాదు, చీల్చింది. పుట్ట నడుము దాకా పగిలి ఉంది. లోపల మోచేయి పట్టేంత బొరియ, దాని గోడల మీద గోళ్ళతో గీరిన చారలు. మిగతా అయిదూ తీసుకున్న చెయ్యి చేసిన పని. ఇది వెతికిన చెయ్యి. ట్యాబ్‌లో నా దారి గీత ఆ ఆరో పుట్ట చుట్టూ దారపుండలా చిక్కుపడి ఉంది. అద్దాల వల్ల చుక్క అక్కడక్కడే తిరిగిందని అమ్మాయితో చెప్పాను.

ఇక్కడ రెండో సంగతి తగ్గించాలి. నేను సర్వే మనిషిని కాను. సర్వే క్యాంపులో ఆరు చలికాలాలు జీపు నడిపినవాణ్ణి. బంగారం కడగడం బానెట్ మీద కూర్చుని చూశాను. పుట్టమట్టి సంచులు మోశాను.

ఇప్పుడు రాసేది మాత్రం పెంచింది కాదు. ఆ క్యాంపులో ఒక కూలీ పుట్ట లోపలి మట్టి మంచిదని ఎవరో చెబితే చెయ్యి దూర్చాడు. తాచు. వెనక సీట్లో పడుకోబెట్టి జీపు తోలాను. గతుకుల బాట. "ఇంకెంత దూరమన్నా?" అని అడుగుతూనే ఉన్నాడు. "వచ్చేశాం, వచ్చేశాం," అన్నాను. రాలేదు. ఆస్పత్రి గేటు ముందు బండి ఆపేసరికి ఆ అడగడం ఆగి చాలాసేపైంది.

మిగిలింది ఏడో పుట్ట ఒక్కటే. పాము ఉన్నది. ‘పదకొండు’ అని నేను రాసింది. నా మాట నమ్మి ఎవరో ఒకరు అందులో చెయ్యి పెడతారు.

గుర్తు చెరిపేద్దామని చూశాను, కుదరలేదు. ఒకసారి రాసింది ఎవరూ మార్చకుండా ఉండాలని కస్టమర్లు అడిగారట. అమ్మాయి దగ్గరికి వెళ్ళాను.

"ఆ బీడులో బంగారం లేదని అందులో ఎక్కడైనా రాయొచ్చా?"

"ఉందని ఎవరన్నారంకుల్? అది టెస్ట్ డేటా. మీరు దాని గురించి బెంగపెట్టుకోకండి," అని నవ్వి మళ్ళీ తెరలోకి తిరిగింది.

ఊడ్చే ఆమె నాలుగు రోజులుగా పనికి రావడం లేదు. తమ్ముడి కొడుకు పెళ్ళట. ఆ మాట వినగానే ఏడో గుర్తు మీద ఆగిన తడి వేలు గుర్తొచ్చింది. పెళ్ళింట్లో బంగారానికి ఎంత ఇబ్బంది ఉంటుందో, దాన్ని ఏ పుట్టలో వెతుక్కుంటోందో అనిపించింది. ఆదివారం మధ్యాహ్నం ఆటో ఎక్కి వెళ్ళాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ చోటు ఎలా ఉంటుందో అక్కడ ఉద్యోగం చేసేవాళ్ళకు తెలియదు. రోడ్డు మీద మనిషి లేడు. మేడల్లో ఎవరూ లేకపోయినా ఏసీ యంత్రాలు ఊపిరి పీలుస్తున్నట్టు మోగుతూనే ఉన్నాయి. ఎండ అద్దానికి తగిలి అవతలి అద్దం మీద పడి, అక్కడినుంచి నేల మీద పడుతోంది. ప్రతి రాయికీ రెండు నీడలు. నాకూ రెండు.

పాముకు దూరంగా, వచ్చే మనిషికి కనపడేంత దగ్గరగా ఒక చదును రాయి చూసుకుని కూర్చున్నాను. ట్యాబ్ ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి నీలం చుక్క కదిలింది. నేను కదల్లేదు. చుక్క నన్ను వదిలి మొదటి పుట్ట దగ్గరికి నడిచింది. "మీరు చేరుకున్నారు." అక్కడ ఎవరూ లేరు. ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్ అద్దాలకు కొట్టుకుని ఆలస్యంగా అందితే మనం వేరేచోట ఉన్నామని ట్యాబ్ అనుకుంటుందని, అమ్మాయి బొమ్మ గీసి మరీ చెప్పింది. తెలిసినంత మాత్రాన ఏమైంది? నేనక్కడ రాయి మీద ఉన్నాను, నా చుక్క పుట్ట తర్వాత పుట్ట తిరుగుతోంది, తవ్విన వరసలోనే. ఆరోదాని దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత ఏడో దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"మీరు చేరుకున్నారు. మీరు చేరుకున్నారు."

అప్పుడే రెండు గుండ్ల సందులోంచి మట్టి గీరుతున్న చప్పుడు వినపడింది.

లేచాను. మోకాలు ఎలా మడిచానో, ఎలా నడిచానో తెలియదు. గుండ్ల అవతలి వైపునుంచి వచ్చినట్టుంది, పుట్ట ముందు ఆమె కూర్చుని ఉంది. కొత్త చీర, నుదుట పెద్ద బొట్టు, పక్కన పసుపు గుడ్డ పరిచిన పళ్ళెం, చేతిలో కొడవలి.

"చెయ్యి పెట్టకమ్మా," అన్నాను.

"ఎవరూ? నువ్వా పెద్దాయనా. గీడేం జేస్తున్నవ్, ఆదివారం పూట?"

"అందులో బంగారం లేదు. నేను అబద్ధం రాశాను. అందులో పాముంది."

"పాముంటదని నాకెర్క లేదా? పుట్టల పాముండక పిల్లుంటదా?" అంది. "బంగారమేంది నడిమిట్ల? పెండ్లికి పుట్టమన్ను గావాలె. ఆడబిడ్డను, నేనే తేవాలె. లోపల చెయ్యి ఎవరన్న పెడ్తరా? కట్టెతోని నేల మీద కొట్టి, నాగన్నా పక్కకు జరుగు అని మొక్కి, పైపైన అయిదు దోసిళ్ళు తీస్తం."

అలాగే తీసింది. రాలిన మట్టి కూడా కొంగుతో తుడిచి పళ్ళెంలోకి ఎత్తింది. ఆమె చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఎవరింట పెళ్ళయినా పుట్టమన్ను తెచ్చిపెడుతుందట. ఒక పెళ్ళికి ముట్టిన పుట్టను ఇంకో పెళ్ళికి ముట్టరట, అది వాళ్ళ అత్త చెప్పిన పద్ధతి. రేకు సందుకు దగ్గరున్నది ముందు, దూరమున్నది తర్వాత. వరస అలా కుదిరింది. మా వైపు పెళ్ళిళ్ళలోనూ నవధాన్యాలు చల్లే పాలికల్లో పుట్టమన్ను పోస్తారు. డెబ్భై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అది ఎవరు తెస్తారో, ఎక్కడినుంచి తెస్తారో ఒక్కసారీ అడగలేదు.

ఆ సమయంలో తాచు పడగ విప్పి లేచిందనీ, నేను ట్యాబ్ అడ్డుపెట్టి ఆమెను కాపాడాననీ అపార్ట్‌మెంట్‌లో చెప్పుకున్నాను. లేచింది కుబుసం. గాలికి. నేను వెనక్కి పడితే ఆమే చెయ్యిచ్చి లేపింది.

ఇక్కడిదాకా రాసి, ఆమె మాటలు సరిగ్గా పట్టానో లేదో చూసుకుందామని, ఆఫీసులో టీ వేళ ఆమెకే చదివి వినిపించాను. గ్లాసులు కడుగుతూ మొత్తం విన్నది.

"మంచిగనే రాసినవ్. ఒక్కటే తప్పు. ఏడో దానికి ముందు నేను తీసినయి అయిదే. ఆరోది నాది గాదు."

"మరి ఎవరిది?" అన్నాను.

"నన్నడుగుతున్నవా? మంగళారం పొద్దుగాల అంగీ చేతులు మడిచి, మోకాళ్ళ మీద కూసోని, మోచేయి దాంక పెట్టి గీరుతుంటివి. రేకు సందుకాడ నిలబడి చూసిన. ఒక్క కట్టెదెబ్బ గూడ కొట్టకపోతివి. నీ తరఫున నేనే మొక్కిన నాగన్నకు." ఆమె చివరి గ్లాసు బోర్లించింది. "బంగారం, బంగారం అంటివి గదా. గా మాట నమ్మింది నువ్వొక్కనివే, పెద్దాయనా."