అల్మాస్‌గూడ పొద్దటి బస్సు నిండిన ఆదివారం

సెప్టెంబరు చివరి ఆదివారం. రాత్రి పట్టిన వాన తెల్లవారుజాముకి తుంపరగా మారింది. లేవగానే సంపు కడిగాను. అడుగున పేరుకున్న బురదను బకెట్లతో ఎత్తిపోసి, గోడలు చీపురుతో రుద్ది, మూత వేశాను. నీళ్ళు వదిలేది సాయంత్రమే కాబట్టి పగలంతా నాకు ఖాళీ. అల్మాస్‌గూడ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి కొత్తగా వేసిన బస్సు ఎక్కి, అక్కడి నుంచి మెట్రోలో ఎల్బీనగర్ దాకా వెళ్ళి రావాలని బయల్దేరాను. ఇంత చిన్న ప్రయాణం గురించి రాయడానికి ఏముంటుందని మీకు అనిపించవచ్చు. ఆ బస్సు కోసం మా కాలనీ వాళ్ళు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో తెలిస్తే అలా అనిపించదు.

నేను నీళ్ళ మోటార్లకు వైండింగ్ చేస్తాను. బడి మధ్యలోనే మానేశాను. చదవడం, రాయడం దినపత్రికలు చూసి సొంతంగా నేర్చుకున్నవే. రోజూ రాత్రి ఖర్చులు రాసుకునేటప్పుడు, ఆ రోజు విన్నవీ చూసినవీ నాలుగు వాక్యాలు కింద రాయడం అలవాటు. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు. రాతలో కాస్త నయం.

అల్మాస్‌గూడ ఒకప్పుడు ఊరు. తర్వాత మునిసిపాలిటీ అన్నారు, ఇప్పుడు మహానగరంలో కలిపామంటున్నారు. ప్రతిసారీ బోర్డు మారింది, బోర్డు మీది రంగు మారింది. మా గల్లీ మొదట్లో గుంత మాత్రం తన చోటు తాను కాపాడుకుంటూ వస్తోంది. అందుకే పోయిన సోమవారం బస్సు నిజంగా వచ్చి నిలబడితే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. రెండు పార్టీల వాళ్ళు రాత్రికి రాత్రే ఫ్లెక్సీలు కట్టారు. మేమే తెచ్చామని ఒకటి, మా పోరాటం వల్లే వచ్చిందని ఇంకొకటి. బస్సుకి బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ ఎవరు కొట్టాలన్న దగ్గర కాసేపు ఆగిపోయి, చివరికి చెరొకటి కొట్టారు. కాలనీ అంతా ఫోటోలు దిగింది. తీరా బస్సు కదిలాక చూస్తే అందులో ముగ్గురే ఉన్నారు. మిగతా అందరూ బస్సును చూడటానికి బైకుల మీద వచ్చారు, ఆ బైకుల మీదే వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచీ అదే తీరు. దీనికి కారణం ఉంది. మా గల్లీల్లో ఎవరూ స్టాపుకి వెళ్ళి నిలబడరు. సైదులు అని షేర్ ఆటో నడిపే అతను పొద్దున్నే ఒక్కో గేటు ముందు ఆగి, పేరు పెట్టి పిలిచి, చెప్పులు వేసుకునేదాకా ఆగి మరీ ఎక్కించుకుంటాడు. ఏళ్ళ తరబడి అదే మా గడియారం. బస్సు అలా పిలవదు కదా. వాటర్ ట్యాంకు దగ్గర కాసేపు ఆగి, తన దారిన తాను పోతుంది. పొద్దున ఐదూ ముప్పావుకి ఒక బస్సు బయల్దేరుతుందన్న సంగతి మంచం మీద ఉన్నవాళ్ళకి గుర్తుకైనా రాదు.

నేను వెళ్ళేసరికి వాటర్ ట్యాంకు దగ్గర ఇద్దరే ఉన్నారు. ఒకరు యాదమ్మ. నల్లగొండ వైపు ఊరు. చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పొద్దున ఆరున్నరకల్లా పొయ్యి వెలిగించాలి. ఆటో నిండి, మీర్‌పేటలో ఇంకో ఆటో మారి వెళ్ళేసరికి రోజూ ఆలస్యమే. రాత్రిళ్ళు హాస్టల్లోనే పడుకో, లేకపోతే మానెయ్ అని యజమాని చెప్పేశాడు. భర్త సెంట్రింగ్ పని మీద వేరే ఊళ్ళో ఉంటాడు. ఇంట్లో పదో తరగతి చదివే కూతురు ఒక్కతే. ఆ పిల్లను రాత్రి వదిలి ఎలా ఉంటుంది? ఈ బస్సు వచ్చాక వారం నుంచీ పొయ్యి వేళకే వెలుగుతోంది.

రెండో ఆయన సత్యనారాయణ గారు. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఏ ప్రభుత్వం వచ్చినా ఆయనకి నచ్చదు, అయినా ఈ బస్సు రోజూ ఎక్కుతున్నారు. ఆదివారం కూరగాయలు మాత్రం సరూర్‌నగర్ రైతు బజారులోనే కొనాలి.

"ఆడవాళ్ళందరినీ డబ్బుల్లేకుండా ఊరికే ఎక్కించి తిప్పుతుంటే బస్సులు ఎన్నాళ్ళు నడుస్తాయమ్మా? ఆలోచించు" అన్నారాయన యాదమ్మతో.

"మేం ఎక్కకుంటే నడుస్తయా సారూ? ఆరు రోజుల సంది మీరొక్కరే గదా పైసలిచ్చి ఎక్కుతున్నరు. ఏమన్న నిండిందా బండి?" అంది ఆమె.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరమ్మ దిగుతూనే యాదమ్మను పక్కకు పిలిచింది. "అక్కా, చెప్తున్న ఇను. ఈ బండిని నడిపి చూసే వారంల ఇయ్యాల ఆఖరు రోజు. కర్మన్‌ఘాట్‌ల మా చెకింగ్ సార్ ఎక్కుతడు. కళ్లతోని చూసి రాస్తడట. గిట్లనే ఉత్త బండి కనవడ్డదనుకో, రేపటి సంది ఈ తోవల రాదు. నేనేమని మాట్లాడాలె?"

"మా ఆడోళ్ల సున్నా టికెట్లు లెక్కల రావా?"

"ఎందుకు రావు? మనిషి మనిషే. ముందు మనిషుండాలె గదా!"

బస్సు కదలడానికి ఇంకా పావుగంట ఉంది. యాదమ్మ కొంగు నడుముకి బిగించి గల్లీలోకి పరుగెత్తి, "బస్సొచ్చింది, రాండ్రి!" అని అరిచింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. సత్యనారాయణ గారు కూడా వెనకే వచ్చి గొంతు సవరించుకున్నారు. "ఏవండీ, బస్సు బయల్దేరబోతోందండీ. కాలనీవాసులందరూ దయచేసి..."

"సారూ, బస్సుకు పిలుస్తున్నరా, మీటింగ్ పెడ్తున్నరా?" అని యాదమ్మ నా వైపు తిరిగింది. "అంజయ్యన్నా, నువ్వన్న జర నోరు తెరువు. నీకు ఇల్లిల్లు ఎరికే గదా."

అది నిజం. ఆ గల్లీలో నేను విప్పి బిగించని మోటారు లేదు. మొదటి గేటు ముందు నిలబడి "లక్ష్మమ్మా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఒక కుక్క లేచి మొరిగింది. లోపల లైటు వెలిగింది.

"ఎవరు?"

"మోటర్ల అంజయ్యను."

తలుపు దబాలున తెరుచుకుంది. "అయ్యో, మోటర్ కాలిందా అన్నా? రాత్రి బంద్ చేసినట్టే యాదికున్నది!"

"కాలలే. బస్సొచ్చింది" అన్నాను.

ఆమెకు నా మాట ఎక్కలేదు. నేను పక్క గేటుకి వెళ్ళి పిలిచాను. తర్వాత దాని పక్కది. ఎప్పుడూ నోరు విప్పని మోటార్ల మనిషి చీకటితో వచ్చి పేరు పెట్టి పిలుస్తున్నాడంటే ఏదో కొంప మునిగే ఉంటుందని గల్లీ అంతా లేచింది. బాల్కనీల్లోంచి ఒకరినొకరు అడుగుతున్నారు. "ఎవరిది కాలింది?" "మాది కాదు, మీదే కావచ్చు చూసుకోండి." "బోరు ఎండిందా ఏంది?" అందరూ గేట్ల ముందుకు వచ్చాక యాదమ్మ అందుకుంది.

"మోటర్లు మంచిగనే ఉన్నయ్! రైతు బజార్‌కు పోయెటోళ్లు సంచులు వట్టుకొని రాండ్రి. పరీక్షలకు పోయే పిల్లలను లేపుండ్రి. ఇయ్యాల ఎక్కకుంటే రేపు బస్సే లేదు. మళ్ల ఎన్నేండ్లు తిరుగుతరో మీ ఇష్టం!"

సరిగ్గా అప్పుడే సైదులు ఆటో మలుపు తిరిగి వచ్చింది. అతను ఆటో ఆపి, గేట్ల ముందు నిలబడిన జనాన్ని చూసి, నన్ను చూశాడు.

"ఏందన్నా, నా గిరాకినంత లేపి ఒక్కకాడ నిలవెట్టినవ్? నువ్వు మాట్లాడుతవని నాకియ్యాల్నే తెల్సింది."

"సైదులూ, ఒక్కపూట పిలువరాదూ, బస్సుకు" అంది యాదమ్మ. "నా బతుకు నీకెరికే గదా."

"నా సవారీలను నేనే బస్సెక్కియ్యాల్నా? మంచిగ చెప్తున్నవ్." అతను కాసేపు ఆటో హ్యాండిల్ మీద వేళ్ళతో కొట్టాడు. "సరే, ఆటోకు గ్యాస్ కొట్టిచ్చెటందుకే లైన్ల నిలవడి పొద్దుగాల్లంత ఆడనే అయితున్నది, దూరం తోలకుంటే అదన్న తప్పుతది. ఒక్క షరతు. వెనక కాలనీలున్నయ్ గదా, ఆళ్లను ట్యాంకు దాక నేను తోల్కస్త. పది రూపాయలు. ఎవ్వడు అడ్డం మాట్లాడొద్దు."

అని ఆటోలోంచే తల బయటపెట్టి, రోజూ పిలిచే రాగంలోనే ఎత్తుకున్నాడు. "మీర్‌పేట్, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్, దిల్‌సుఖ్‌నగర్! ఇయ్యాల పెద్ద బండి! ఎక్కాలె, ఎక్కాలె!" నేనూ యాదమ్మా ఎంత అరిచినా కదలని కాళ్ళు ఆ రాగానికి చెప్పులు వెతుక్కున్నాయి. లక్ష్మమ్మ నైటీ మీద చున్నీ వేసుకుని సంచి పట్టుకొచ్చింది. సత్యనారాయణ గారి భార్య కూడా వచ్చింది. ఆమెను చూసి కండక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ అడిగింది. "సారేమో రోజు ఆడోళ్లను ఊకె తిప్పొద్దంటడు. మీకు పైసల టికెట్ కొట్టాల్నా అమ్మా?"

"ఆయన మాటలు పట్టించుకోకమ్మా. నాకు సున్నా టికెట్టే కొట్టు" అందామె. ఆయన కిటికీ బయటికి చూశారు.

బస్సు కదిలేసరికి సీట్లు నిండాయి. మీర్‌పేటలో పరీక్షల పిల్లలు ఎక్కారు, జిల్లెలగూడలో గుడికి వెళ్ళేవాళ్ళు ఎక్కారు. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం గురించి నిమజ్జనం అయిన ఇన్నాళ్ళకి కూడా ముందు సీట్లో వాదన నడుస్తోంది. వెనక సీట్లో స్థానిక ఎన్నికలు, రేషన్ కార్డులు, వచ్చే బతుకమ్మకి చీరలు ఇస్తారా ఇవ్వరా అన్న చర్చ. ఒక ముసలాయన ఏ పార్టీ మాట వచ్చినా "అందరూ మనోళ్లే, అడుగుతే ఎవ్వడు దొరకడు" అంటున్నాడు. మా కాలనీ వాళ్ళంతా ఒకే బండిలో కూర్చుని ఇలా మాట్లాడుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆంధ్రా వాళ్ళ 'అండీ'లూ మా వాళ్ళ 'గదా'లూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

కర్మన్‌ఘాట్ గుడి దగ్గర చెకింగ్ అధికారి చెయ్యెత్తాడు. బస్సు ఆగింది. ఆయన ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి ఆగిపోయాడు, రెండో కాలికి చోటు లేదు. చంకలో సంచి, చేతిలో గొడుగు.

"టికెట్లు ఎన్ని కొట్టినవమ్మా?" అని అక్కడి నుంచే అరిచాడు.

"లెక్క తర్వాత జూస్కోండ్రి సార్. ముందు కడ్డీ గట్టిగ వట్టుకోండ్రి!" అంది కండక్టరమ్మ. బస్సంతా ఘొల్లుమంది. యాదమ్మ మాత్రం నవ్వలేదు. డ్రైవర్ వెనక కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఆయన ముఖం వైపే చూస్తోంది. సరూర్‌నగర్‌లో రైతు బజారు జనం దిగాక ఆయన లోపలికి రాగలిగాడు. టికెట్ మెషీన్ చూశాడు, ఏదో రాసుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి తుంపర ఆగింది. మా స్టాపు నుంచి ఇక్కడికి టికెట్టు షేర్ ఆటోలు మారి వచ్చే ఖర్చులో సగం కూడా కాలేదు. చైతన్యపురి దాకా యాదమ్మతో నడిచాను. హాస్టల్ యజమాని గేటు దగ్గరే ఉన్నాడు. "ఏం యాదమ్మా, ఆలోచించినవా? వచ్చే నెల సంది రాత్రి గీడనే ఉండాలె" అన్నాడు.

"ఉండ సార్" అంది ఆమె, చెప్పులు విడుస్తూ. "వారం సంది పొయ్యి ఎప్పుడు ముట్టుతుందో మీరే చూస్తున్నరు గదా. బస్సున్నంత దాక నా బిడ్డను ఇడిచిపెట్టి రాత్రి ఏడ ఉండ." ఆయన గోడ గడియారం వైపు చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె నాకు గేటు దగ్గరికే స్టీలు గ్లాసులో చాయ్ పంపింది.

మెట్రో స్టేషన్ తెరిచాక చైతన్యపురిలో ఎక్కాను. మధ్యలో ఒక్క స్టేషనే, ఆ తర్వాత ఎల్బీనగర్. పై నుంచి చూస్తే విజయవాడ, నల్లగొండ వెళ్ళే బస్సులు జంక్షన్ దగ్గర ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. కింద ఇడ్లీ బండి అతను ఒక్కడే వేస్తూ, ఒక్కడే వడ్డిస్తూ, మెట్రో ముందుకు పొడిగిస్తారా లేదా అని ఎవరితోనో పందెం కాస్తున్నాడు. "మెట్రో ఆగిన కాడ్నే నా బండి నడుస్తది. ముందుకు వోతే నేను గూడ ముందుకు వోవాలె" అన్నాడు నాతో. ప్లేటు ఇడ్లీ తిని, పల్లీ చట్నీ రెండోసారి వేయించుకుని, పొద్దు వాలేదాకా ఆ చుట్టుపక్కలే తిరిగి, తిరుగు దారి పట్టాను.

సాయంత్రం బస్సులో అదే కండక్టరమ్మ. నన్ను చూడగానే టికెట్టు కూడా కొట్టకుండా చెప్పేసింది. "మోటర్లన్నా, ఖాయమైంది. పొద్దటి ట్రిప్పు ఉంటదట. సార్ దిగేటప్పుడేమన్నడో తెల్సా? ఈ తోవల ఇంకో బండి అడుగుతరు సూడు అన్నడు." బస్సు మీర్‌పేట దాటేదాకా నేను కిటికీ వైపు తిరిగి నవ్వుతూనే ఉన్నాను. ఫ్లెక్సీల మీద ఉన్న ముఖాల్లో ఒక్కటీ ఇవాళ బస్సులో కనిపించలేదు. వాళ్ళు తెచ్చింది బస్సును. దాన్ని నిలబెట్టింది మాత్రం సంచులు పట్టుకుని ఎక్కిన మా గల్లీ వాళ్ళు, సొంత గిరాకీని వదులుకుని పిలిచిన సైదులు. ఏ ఆఫీసు నుంచి ఏది మంజూరై వచ్చినా, గేటు ముందు ఆగి పేరు పెట్టి పిలిచే మనిషి ఒకరు కావాలని ఇవాళ అర్థమైంది. ఆ మనిషి ఒక పూట నేనూ అయ్యాను.

మా వైపు రావాలనుకునే వాళ్ళకి ఒక్క మాట. పొద్దటి బస్సుకి వాటర్ ట్యాంకు దగ్గరికి ఐదున్నరకే రండి, వచ్చేటప్పుడు పక్కింటి వాళ్ళని కూడా లేపి తీసుకురండి. చిల్లర ఉంచుకోండి, ఆడవాళ్ళు సున్నా టికెట్టుకి ఆధార్ మరిచిపోవద్దు.

ఇవాళ్టి ఖర్చు బస్సు రానూ పోనూ, మెట్రో, ఇడ్లీ. చాయ్ యాదమ్మది. వీధి నల్లా శబ్దం వస్తోంది, నీళ్ళు వదిలినట్టున్నారు. పొద్దున కడిగిన సంపు మూత తీసి పైపు లోపలికి వెయ్యాలి.