గోమారి పట్టిన గిటారు

మా గిటారు సారు పోయారు. పొద్దున్న బస్సులో ఆఫీసుకు పోతుంటే మా సంఘం పెద్ద ఫోన్ చేసి, "సారు ప్రభువునందు నిద్రించిండు తమ్మీ. మాపటికి సమాధి. పాటల సంగతి నువ్వు జూస్కో" అని పెట్టేశాడు. ఏడవడానికి కూడా సందు ఇవ్వని మనిషి. ఆ పెద్ద మీద నాకున్న రోత కూడా ఈ నాలుగు మాటల్లో కనబడుతుంది. దాచుకునే ఉద్దేశం నాకు లేదు.

సారు కోస్గిలో సర్కారు బడిలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధనలో గిటారు ఆయనదే. సాయంత్రాలు ఇంటి ముందు రేకుల కింద కూర్చోబెట్టి మాలాంటి వాళ్లకు నేర్పేవారు. వాయించేవాళ్లలో మంచి చెవి ఉన్నవాళ్లు చాలామందే దొరుకుతారు. చెవితోపాటు కన్ను కూడా ఉన్న మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. స్టేజీ ఎక్కే ముందు మా అంగీ గుండీలు, గిటారు పట్టీలో మెలికలు చూసేవారు. తీగ బిగించాక మిగిలిన కొస కత్తిరించకుండా వదిలేస్తే, "తల దువ్వుకోకుంట బడికొచ్చిన పిల్లగాని లెక్క ఉన్నదిరా నీ గిటారు" అనేవారు. ఆయన చేతిలో గిటారు చూస్తుంటే బొమ్మ గీసినట్టే ఉండేది.

ఒక ఆదివారం నా పక్కన వాయించే అతను శ్రుతి చూసే క్లిప్పు తగిలించుకుని వచ్చాడు. బట్టల క్లిప్పులాగే గిటారు తలను కరుచుకుని ఉంటుంది. తీగ మీటితే చిన్న తెర మీద శ్రుతి తప్పితే ఎర్రగా, కలిస్తే పచ్చగా వెలుగుతుంది. అతను శ్రుతి చూసుకున్నాక కూడా దాన్ని తీయలేదు. పాటలు అయిపోయాయి, ప్రసంగం అయిపోయింది, అది మాత్రం అతని భుజం పక్కన మినుకుమినుకుమంటూనే ఉంది. ఆరాధన ముగిశాక సారు దగ్గరికి వచ్చి, వంగి చూసి, "ఏందిరా ఇది, ఎద్దు చెవుకు గోమారి పట్టినట్టు?" అన్నారు.

పశువుల చెవుల్లో చేరి నెత్తురు తాగి ఉబ్బే ఆ పురుగును చూసినవాళ్లకు ఆ మాట చాలు. ఆ రోజు నుంచి నాకు క్లిప్పు కనబడితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ మావాళ్లు మావాళ్లే కదా. తిట్టును కాస్తా పేరు చేసుకున్నారు. "అన్నా, నీ గోమారి జర ఇయ్యరాదు" అని మర్యాదగా అడుక్కునేదాకా వచ్చింది. ఒకతను పాలమూరు పోయి వాయిద్యాల దుకాణంలో గోమారి ఉందా అని అడిగితే, దుకాణమాయన పశువుల దవాఖానకు దారి చెప్పాడట.

సారు ఆ క్లిప్పు పనికిరాదని ఎప్పుడూ అనలేదు. "డ్రమ్ముల చప్పుట్ల, మైకుల లొల్లిల చెవు పని చెయ్యది. వాడుకోండ్రి. గని పని అయినంక జేబుల ఏస్కోండ్రి. నోట్ల ఏపపుల్ల పెట్టుకొని పెండ్లిపీటల మీద కూసుంటరార?" అనేవారు. ఎవరు వింటారు? ఇప్పుడు మా జిల్లాలో ఏ స్టేజీ చూసినా ఇదే అసహ్యం. వెయ్యి ఖర్చు చేసి ఇస్త్రీ అంగీలు వేసుకుంటారు, వెనక పూల తెర కడతారు, గిటార్ల నెత్తిన మాత్రం గోమార్లు. బ్యాటరీ అయిపోయినా తీయనివాళ్లను చూశాను. అడిగితే, ఉంటేనే వీడియోలో ప్రొఫెషనల్‌గా కనబడుతుందన్నారు. ఇంకేం చెప్పను?

తర్వాత సారుకు చెవులు మందగించాయి. దవాఖానలో మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుంటే కుర్చీ జరిపిన చప్పుడు పిడుగులా కొట్టేదట, తీగ చప్పుడు మాత్రం తేలేది కాదట. విసిగిపోయి తీసి పక్కన పడేశారు. శ్రుతి చేయాలంటే గిటారు అంచును దవడకు ఆనించుకుని, కళ్లు మూసుకుని మీటేవారు. ఆ అదురు ఎముకల్లోంచి తెలిసేదట. అది చూసి వెనక బెంచీల్లో నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లెవరో నాకు తెలుసు.

ఆ అదురు కూడా ఒక్కోసారి మోసం చేసేది. ఒక ఆదివారం తీగ శ్రుతి తప్పింది, పాట మధ్యలో ఆగింది. సంఘం పెద్ద సారు ముందే నిలబడి, "సారుకు ఇగ రెస్టిద్దాం. ముందట కుర్చేసి శాలువా కప్పుదాం" అన్నాడు. మెల్లగా కూడా అనలేదు, వినబడదు కదా అనే ధైర్యం. గిటారు తీసుకుంటే ఆ మనిషికి మిగిలేదేముంది? సారుకు వినబడలేదు నిజమే. పక్కనే ఉన్న సారు భార్యకు వినబడింది. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. అమ్మ ఇంటికి పోయి ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పేసింది.

మర్నాడు సారు నన్ను పిలిచి, "ఒక గోమారి తెచ్చియ్యిరా" అన్నారు.

"మీకెందుకు సార్ గా చండాలం?" అన్నాను, గట్టిగా, ఆయనకు వినబడేలా.

"తే అంటున్న గద."

తెచ్చాను. తగిలించుకుని తీగ మీటారు. ఎరుపు. మర తిప్పారు. పచ్చ. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి చెవులేడున్నయిరా?" అని అడిగారు.

"చెవుల్లేవు సార్. చెక్క అదురుతది గద, గా అదురును పట్టుకుంటది" అన్నాను.

సారు క్లిప్పును వేలితో తట్టి చూశారు. తర్వాత నవ్వు మొదలైంది, ఆపుకోలేకపోయారు. "అంటే ఇది గూడ చెవిటిదేరా. నా లెక్కనే చెక్కను కర్సుకొని ఇంటున్నది. పాపం, ఉత్తగనే తిడ్తి దీన్ని."

ఆ ఆదివారం నుంచి చివరిదాకా ఆయన స్థానం ఆయనదే. శాలువా మాట మళ్లీ లేవలేదు. అయితే ప్రతి పాటకూ తీగలు చూసుకోవాలి కనుక క్లిప్పును జేబులో వేసుకునే వీలు లేదు. ఆయన గిటారు మీద అది నేను చూడలేకపోయేవాణ్ని. "మరి ఏపపుల్ల అంటుంటిరి గద సార్?" అని ఒకసారి అడిగేశాను. "పుల్లయితే పారేద్దును. నాకిది కట్టుడు పండ్ల సెట్టురా. తీస్తే పాట నమిలేదెట్ల?" అన్నారు.

ఆయన ఒప్పుకున్నారు, నేను ఒప్పుకోలేదు. సమాధి అయ్యాక ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకు ఫ్లెక్సీ వేయించే పని నా మీద పడింది. దొరికిన మంచి ఫోటోలో క్లిప్పు ఆయన చెంప పక్కనే వెలుగుతోంది. తీసేయమన్నాను. ఫ్లెక్సీ షాపతను తీసేసి, "జాగా ఖాళీ కొడ్తాందన్నా" అని నన్ను అడక్కుండానే అక్కడొక గులాబీ అతికించాడు. గోమారి కంటే అసహ్యంగా ఉంది.

అమ్మ దాన్ని చూసి, "గిటారుకు పువ్వు మొలిచిందేంది బిడ్డా?" అంది. నేను కారణం చెప్పాను. "నువ్వు రోతపడ్డ దాంతోనే గదా ఆయన నలుగుట్ల నిలవడ్డడు" అంది. కోపంగా అనలేదు. లోపలికి పోయి సారు గిటారు తెచ్చి, స్టేజీ మీద కుర్చీకి ఆనించి, క్లిప్పు తగిలించి, దాని మీట నొక్కింది.

ప్రార్థన చేసింది సంఘం పెద్దే. చాలాసేపు చేశాడు. నేను కళ్లు మూసుకోలేదు. చివర అందరం కలిసి గట్టిగా "ఆమేన్" అన్నాం. ఎవరూ ముట్టని ఆ గిటారు తీగలు ఆ చప్పుడుకు సన్నగా గుంయ్‌మన్నాయి. క్లిప్పు దాన్ని పట్టుకుంది. తెర వెలిగింది, ఎర్రగా. తీగలు సద్దుమణిగేదాకా చూశాను. ఒక్కసారి కూడా పచ్చగా మారలేదు.