అటక దిగివచ్చిన చెక్కలు

గ్రానైట్ లేని ఇంటికి చుట్టాలు రారని ఎవరు చెప్పారో గానీ, నేను డిగ్రీ చదివే రోజుల్లో మా నాన్న ఇల్లంతా నల్ల గ్రానైట్ పరిపించాడు. అద్దంలా ఉండేది. ఆ అద్దం మీద నాయనమ్మ రెండుసార్లు జారిపడింది. ఇక మంచం దిగితే అమ్మ చెయ్యి పట్టుకోవాల్సిందే, గదిలో ఉన్న బాత్రూమ్‌కి కూడా. పొగాకు బేరగాళ్లను నోటితోనే పొలిమేర దాటించిన మనిషికి అంతకంటే అవమానం లేదు.

"నా గదిలో ఈ రాళ్లొద్దు. అటక చెక్కలు తెచ్చి పరవండి" అంది.

పెరటి వైపు పాత వంటింటి మీద, మిరపకాయల బస్తాలు పెట్టుకునే అటక అది. మంచి టేకు. వడ్రంగి మేస్త్రి మొదటి చెక్క లేపగానే సందుల్లో ఏళ్లుగా ఇరుక్కున్న కారమంతా పైకి లేచింది. మేస్త్రి, నాన్న, పక్కింటి ప్రెసిడెంటు గారు, ఆయన గేదె అందరూ ఒకేలా తుమ్మారు. మా వీధిలో అంత సమానత్వం మళ్లీ చూడలేదు.

ఒక చెక్క అంచు పక్కదాని గాడిలో కూర్చోవాలి కాబట్టి, మేస్త్రి వరస తప్పకుండా సుద్దముక్కతో అంకెలేశాడు. బుద్ధిమంతుడు. మా అమ్మ అంతకంటే బుద్ధిమంతురాలు. పాత కలప శుద్ధి చెయ్యకుండా వాడకూడదని శుక్రవారం పొద్దున్నే చెక్కలన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది.

"అమ్మా, నా అంకెలేవి?" అన్నాడు మేస్త్రి.

"ఏం అంకెలు?"

నాన్న ఎగిరాడు. "నిన్నెవరు కడగమన్నారే?"

"చెప్తేనే కడగాలా? అయితే రేపట్నుంచి మీ కంచం సంగతి కూడా చెప్పండి."

నాన్న వెంటనే శాంతించాడు. చెక్కలు మాత్రం శాంతించలేదు. ఒకటి కూర్చుంటే పక్కది లేచేది, పెళ్లిలో అలిగిన బావగార్లలా. రెండో రోజు సాయంత్రానికి మేస్త్రి చేతులెత్తేశాడు. "అంచులు లేస్తే పెద్దావిడ తట్టుకుని పడతారండీ. టైల్స్ వేయించుకోండి."

మంచం మీద నుంచి నాయనమ్మ అంది. "తిరగెయ్యి చూద్దాం."

"దేన్నండీ?"

"చెక్కల్నయ్యా, నన్ను కాదు! కింద గోడవారగా కట్టెల పొయ్యి ఉండేది. దాని మీదున్న చెక్క బాగా నల్లబడి ఉంటుంది. అక్కణ్నుంచి మొదలెట్టు."

తిరగేశాం. అమ్మ పసుపుకి లొంగని మసి అది. ఒక చెక్క కాటుకలా నల్లగా, తర్వాతది కొంచెం తక్కువ, ఆ తర్వాతది ఇంకొంచెం తక్కువ. వరస దొరికింది.

మర్నాడు మధ్యాహ్నం పని అయిపోయాక నాయనమ్మ మంచం దిగింది. నేనూ నాన్నా కబడ్డీ ఆటగాళ్లలా చెరోపక్క చేతులు చాచాం.

"ఏరా, నేనేమన్నా దొంగనా? జరగండి."

కిటికీ దాకా వెళ్లింది, తిరిగొచ్చింది. నాలుగు చెక్కలు కిర్రుమన్నాయి గానీ ఒక్కటీ కదల్లేదు. అక్కణ్నుంచి నేరుగా బాత్రూమ్‌లోకి నడిచింది. అలవాటుగా వెనకాలే వెళ్లిన అమ్మ ముఖం మీదే తలుపేసి, లోపల గడియ పెట్టుకుంది.