చప్పట్లకు రాని కుక్క

రెంటచింతల చర్చి ఆవరణలో దెబ్బలు తిన్న వీధికుక్కలను చేరదీసే ఫాదరుగారు ఒకదాన్ని మాకిచ్చారు. మనిషిని చూస్తే అది వణికిపోయేది. అప్పటికే పొలాలు పోయి, పాలేర్లు పోయి, పెద్ద ఇంట్లో నేనూ నా భార్యా మిగిలాం. అయినా వాకిట్లో కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చోవడం మాత్రం నేను మానలేదు.

మా ఇంట్లో పనివాళ్లను పేరు పెట్టి పిలిచే ఆనవాయితీ లేదు. రెండు చప్పట్లు కొడితే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవారు. కుక్కనూ అలాగే పిలిచాను. చప్పుడు వినగానే అది ఖాళీ గాదె కిందికి దూరింది. రోజూ ఇదే వరస.

"అదేమన్నా మీ తాతగారి పాలేరాండీ, చప్పట్లు కొడితే రావడానికి?" అంది నా భార్య. "ఆళ్లు మాత్రం భయం లేకుండా వచ్చినారా ఏంది?"

తల వంచుకుని, ఒళ్లు ముడుచుకుని వచ్చి నిలబడే మనుషులు కళ్ల ముందు మెదిలారు. దాన్ని మర్యాద అనుకున్నాను అన్నాళ్లూ.

ఆ సాయంత్రం కుర్చీ దిగి నేల మీద కూర్చుని, జొన్నరొట్టె ముక్క అరచేతిలో పెట్టుకున్నాను. ఎలా పిలవాలో తెలియక ఊరుకున్నాను. చాలాసేపటికి కుక్క పాక్కుంటూ వచ్చి, రొట్టె తిని, చప్పట్లు కొట్టిన ఆ చేతినే నాకింది. సిగ్గుతో చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీస్తే బెదురుతుందని కదలకుండా ఉండిపోయాను.