యాభై నిమిషాలు, ఏడు గంటలు

ఇరవై మూడేళ్లుగా ఆయన చేసిన పని ఒక్కటే, జనాన్ని విమానం ఎక్కించడం. తను మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. మెట్ల కింద ఇరుకు గది, రెండు కుర్చీలు, ఒక కంప్యూటర్, గోడ మీద వెలిసిపోయిన ప్రపంచ పటం. ఆయన టికెట్లు బుక్ చేసే ట్రావెల్ ఆఫీసు అదే. వచ్చేవాళ్లంతా ఆయన్ని 'నాలుగ్గంటలాయన' అనేవారు. మధ్యలో విమానం మారాల్సి వస్తే, నాలుగు గంటల కన్నా తక్కువ వెయిటింగ్ ఉన్న టికెట్ చచ్చినా ఇచ్చేవాడు కాదు మరి.

"అంతసేపు అక్కడ కూర్చుని గోళ్లు గిల్లుకోమంటారా?" అని ఎవరైనా విసుక్కుంటే, "గిల్లుకోండి బాబూ. గోళ్లయితే మళ్లీ పెరుగుతాయి," అనేవాడు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. పనిలో చేరిన కొత్తలో, ఇద్దరు పసిపిల్లల తల్లికి, త్వరగా చేరుతుంది కదా అని నలభై నిమిషాల వెయిటింగ్‌తో టికెట్ ఇచ్చాడు. మొదటి విమానం అరగంట ఆలస్యమైంది. ఒకణ్ణి చంకనేసుకుని, ఇంకొకణ్ణి ఈడ్చుకుంటూ ఆవిడ పరుగెత్తేసరికి గేటు మూసేశారు. రెండు రోజులు పిల్లలతో నేల మీదే పడుకుంది. తిరిగొచ్చాక ఆఫీసుకొచ్చి తిట్టిపోస్తుందనుకున్నాడు. తిట్టలేదు. "చిన్నాడికి జ్వరమొచ్చిందండీ అక్కడ. ఎవరినడగాలో తెలీలేదు," అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట ఆయన్ని నెలల తరబడి నిద్రపోనివ్వలేదు.

ఆయనకి అక్క ఒక్కతే. తల్లి పోయాక మిషన్ మీద బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించింది ఆవిడే. కొన్నేళ్లుగా పరాయి దేశంలో, నర్సుగా చేసే కూతురి దగ్గర ఉంటోంది. ఆవిడ పోరు పడలేక ఆయన వీసా అయితే తీసుకున్నాడు గానీ, ప్రయాణం మాత్రం వచ్చే నెల, వచ్చే నెల అంటూ జరుపుతూ వచ్చాడు.

ఒక సాయంత్రం ఆఫీసు కట్టేయబోతుంటే మేనకోడలు ఫోన్ చేసింది.

"మావయ్యా, అమ్మ ఊపిరితిత్తులు పూర్తిగా దెబ్బతిన్నాయి. రేపటి రోజు గడిస్తే గొప్పంటున్నారు. వాడు బయల్దేరాడా అని ఒకటే అడుగుతోంది."

"బయల్దేరానని చెప్పు తల్లీ," అంటూ మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

పొద్దున ఆరింటికి ఒకే ఒక్క విమానం. అది పదకొండింటికి దింపే చోటి నుంచి రెండు దారులు. యాభై నిమిషాల్లో రెండోది పట్టుకుంటే సాయంత్రం నాలుగింటికి చేరతాడు. లేదా ఏడు గంటలు ఆగి ఆరింటిది ఎక్కితే, చేరేసరికి రాత్రి పది.

"వెళ్లేది మీరొక్కరే. ఉన్నది చేతిసంచీ. ఈసారికి దగ్గరిది తీసుకోండి," అన్నాడు యజమాని.

"అది తప్పిపోతేనో? ఆరింటి దాంట్లో సీట్లు అయిపోతే ఎల్లుండి దాకా దిక్కుండదండీ."

ఏడు గంటలదే తీసుకున్నాడు.

మొదటి విమానం పది నిమిషాలు ముందే దిగింది. సంచీ పట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, ఎదురుగా బోర్డు మీద అక్క ఉండే ఊరి పేరు. గేటు ముందు ఇంకా ముప్పై మంది దాకా వరసలో ఉన్నారు. గబగబా వెళ్లి సీటుందా అని అడిగాడు.

"సీట్లున్నాయి సార్. కానీ మీ టికెట్ సాయంత్రం దానికి. మార్పించుకోవాలంటే కింద కౌంటర్‌కి వెళ్లాలి," అంది గేటు దగ్గరి అమ్మాయి.

ఆయాసపడుతూ కిందికి పరుగెత్తాడు. అక్కడ పదకొండు మంది. తన వంతు వచ్చేసరికి కౌంటర్‌లో మనిషి తెర వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. గేటు మూసేశారట.

మూడింటికి మేనకోడలు ఫోన్ చేసి, తల్లి చెవి దగ్గర పెట్టింది.

"ఎక్కడున్నావురా?" గాలిలో కలిసిపోయేంత సన్నగా ఉంది ఆ గొంతు.

"వస్తున్నానక్కా, దారిలో ఉన్నాను."

"విమానం ఊగుతోందా?"

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "లేదక్కా, ఊగట్లేదు."

"తిన్నావా?"

"తిన్నాను."

ఆరింటి విమానానికి వరసలో నిలబడి ఉండగా మళ్లీ ఫోన్ మోగింది. ఐదున్నరకి పోయిందని చెప్పింది మేనకోడలు. ముందున్నవాళ్లు కదిలారు. వెనకాయన భుజం తట్టి, "పదండి," అన్నాడు. ఆయన కదిలాడు.

మర్నాడు పొద్దున మేనకోడలు తల్లి దుప్పట్లు మడతపెడుతూ అంది: "నాలుగింటికి దిగేదాంట్లో వస్తావనుకున్నా మావయ్యా. అమ్మకీ అదే చెప్పా. అప్పట్నుంచీ తలుపు వైపే చూస్తూ ఉంది."

సీట్లు లేవని అనబోయాడు. ఆ అబద్ధం ఆడలేకపోయాడు.

"సీట్లున్నాయమ్మా. తప్పిపోతుందేమోనని నేనే భయపడ్డాను."

ఆ పిల్ల మడత పెట్టిన దుప్పటినే విప్పి మళ్లీ మడత పెట్టింది. అక్కడున్న నాలుగు రోజులూ వేళకి అన్నం పెట్టింది, మొహం మాత్రం చూడలేదు.

తిరిగొచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఎవరు ఏ టికెట్ అడిగితే అది ఇస్తున్నాడు. "ఏది మంచిదండీ?" అని ఎవరైనా సలహా అడిగితే తెర వాళ్ల వైపు తిప్పుతాడు. "మీరే చూసుకోండి," అంటాడు. యజమానికి ఇది నచ్చలేదు గానీ, గట్టిగా ఏమీ అనలేకపోతున్నాడు.

మేనకోడలు నెలకోసారి ఫోన్ చేస్తుంది. "బాగున్నారా మావయ్యా?" అని అడుగుతుంది. అంతకుముందు ఎప్పుడూ 'నువ్వు' అనే అనేది.