దూది కలిపిన ఎర

మా ఊరి పక్క మేజరు కాలవకు సాగర్ నీళ్ళు వదిలితే చాలు, సాయంత్రాలు నేను గాలం పట్టుకుని గట్టు మీదే ఉండేవాణ్ణి. నకరికల్లు దగ్గర చిన్న పల్లె మాది. చర్చి సంఘంలో నేను పెద్దను, సండే స్కూలు పంతుల్ని. వాక్యం చిన్నతనం నుంచి నేర్చుకున్నాను గానీ గాలం పట్టింది మాత్రం నలభై దాటాకే.

నా బాధంతా ఎర నిలవకపోవడం. వానపామును ముల్లుకు గుచ్చడానికి నాకు చేతులాడవు. అందుకని మైదాపిండి, తవుడు కలిపి ముద్ద చేసేవాణ్ణి. పలచగా కలిపితే నీళ్ళలో పడ్డ నిమిషానికే కరిగిపోయేది. గట్టిగా పిసికితే విసిరేటప్పుడే ఊడి గట్టు మీద పడేది. బెండు కదలడం లేదేమిటా అని పైకి లాగితే, ముల్లు కడిగిపెట్టినట్టు మెరిసేది. అలా వట్టి ముల్లుకు కాపలా కాసిన సాయంత్రాలు ఎన్నో.

చర్చి వెనక వీధిలో దూది ఏకి పరుపులు కుట్టే సాయిబు ఒకాయన ఉన్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటాడు. శుక్రవారం కొట్టు కట్టేసి, నమాజు చేసుకుని, ఆయనా కాలవకు వచ్చేవాడు.

"ఏంది అల్లుడా, చేపలకి నాష్టా పెట్టి పంపిస్తన్నావా?" అన్నాడు ఒకరోజు, నా ముల్లు చూసి.

"నిలవట్లేదు మామా. ఏం చెయ్యమంటావు?"

"ఏదీ, ఇట్టా ఇయ్యి." పిండి ముద్ద వేళ్ళతో నొక్కి మొహం చిట్లించాడు. "ఇది ఎరా? గోడకి కొట్టే సున్నం దీనికంటే నయం."

చొక్కా జేబులోంచి చిటికెడు దూది తీశాడు. ఆయన జేబుల్లో, కనుబొమల్లో ఎప్పుడూ దూది ఉంటుంది. దాన్ని సాలెగూడంత పలచగా విప్పి, పిండి మీద పరిచి, మడిచి పిసికాడు. మళ్ళీ పరిచాడు, మళ్ళీ పిసికాడు. చివరికి ముద్దను రెండు చేతులతో లాగితే సాగింది గానీ తెగలేదు.

"పరుపులో దూది ఒక పక్కకి పోకుండా మజ్జలో కుట్లేస్తాం. పిండికి కుట్టెయ్యలేం గదా! అందుకని పోగు లోపలే ఉండాల. ముల్లు మొన నువ్వుగింజంత బయటికి కనపడాల. అంతే."

మర్నాడు కవరు నిండా దూది మా ఇంటికి పంపించాడు. ఆ వారంలోనే నాకు మూరెడు శీలావతి చేప పడింది.

మా సంఘంలో ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి లేచి సాక్ష్యాలు చెప్పే అలవాటుంది. ఒకరు డాక్టర్లు వదిలేసిన జబ్బు నుంచి లేస్తారు. ఒకరు పిడుగురాళ్ల రోడ్డు మీద లారీ కింద పడబోయి బతుకుతారు. వాళ్ళు చెబుతుంటే జనం ఏడుస్తారు. నా జీవితంలో అలాంటిది ఒక్కటీ జరగలేదు. అందరికీ పాఠం చెప్పేవాణ్ణి, చెప్పుకోవడానికి ఒక్క అద్భుతం లేనివాణ్ణి. అది లోపల ఎంతగా కుడుతూ ఉండేదో అప్పుడు నాకు తెలియదు.

ఆ ఆదివారం మైకు అందుకున్నప్పుడు, చేప దొరికినందుకు కృతజ్ఞత చెప్పి కూర్చుందామనే లేచాను. బైబిల్లో యేసు శిష్యులు ఖాళీ వలలతో కూర్చున్న సంగతి ఎత్తాను. జనం "స్తోత్రం" అన్నారు. ఆ మాట వినగానే నాలుక నా చేతిలో లేకుండా పోయింది. నేనూ వట్టి గాలంతో కూర్చున్నానన్నాను. గట్టు మీద మోకరించి కన్నీళ్ళతో ప్రార్థించానన్నాను. "అప్పుడు ప్రభువు నా మనసులో ఒక మాట పలికాడు. పిండిలో దూది కలుపు అన్నాడు" అన్నాను.

చర్చి పైన ఉన్న స్పీకరు వెనక వీధికే తిరిగి ఉంటుంది. ఆ వీధి నుంచి మామ దూది ఏకే మిషను చప్పుడు మా ఆరాధనలోకి ప్రతివారం వినిపిస్తూనే ఉంటుంది. నేను దూది అన్న మాట అనగానే ఆ చప్పుడు ఆగిపోయింది. నేను గమనించాను. గమనించి కూడా ఆపలేదు. ఇంకాస్త ఏడుపు గొంతుతో ముగించాను.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే మా ఆవిడ గిన్నె దించుతూ అడిగింది.

"ఏందయ్యా, దేవుడు దూదిని కవర్లో పెట్టి పంపాడా?"



మరుసటి శుక్రవారం కాలవకు వెళ్ళలేదు, ఆ పై శుక్రవారమూ వెళ్ళలేదు. సండే స్కూల్లో పిల్లలు పది ఆజ్ఞలు అప్పజెబుతూ అబద్ధ సాక్ష్యం దగ్గరికి వచ్చినప్పుడు, నేను హాజరు పుస్తకంలో తల దూర్చాను. ఉండబట్టలేక పాస్టరుగారికి చెప్పాను.

"పోనీలెండి బ్రదర్. మీ మాట విని ఎంతమంది బలపడ్డారు! ఇప్పుడు కదిపితే వాళ్ళు తొట్రుపడతారు" అన్నారాయన.

నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు ముడుచుకుపోతుంది.

ఆ తరువాత ఒక ఆదివారం లైను పని ఉందని కరెంటు తీశారు. మైకు లేదు. అదే అదను అనుకుని లేచాను. దూది సలహా ఒక పెద్దమనిషి ద్వారా కూడా వచ్చిందని, ముందు రెండు వరసలకు వినపడేటంత గొంతుతో చెప్పి కూర్చున్నాను. కరెంటు లేని రోజు చూసుకున్నాను. పైగా 'కూడా' అన్నాను. దాన్నే దిద్దుబాటు అనుకుని శుక్రవారం ధైర్యంగా కాలవకు వెళ్ళాను.

మామ అప్పటికే గట్టు మీద ఉన్నాడు.

"రా అల్లుడా. కనపడటమే మానేశావు."

పక్కన కూర్చున్నాను. ఆయన ముల్లుకు ఎర చుడుతున్నాడు. నేను మైకులో అన్నది, కరెంటు లేనప్పుడు అన్నది, మొత్తం చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"ఆ రోజే ఇన్నాను. మిషను ఆపి మరీ ఇన్నా. దూది అన్నావు గదా, నా సంగతి చెప్తన్నావనుకున్నా. మా ఇంటిదాన్ని గూడా పిలిచా, రాయే, అల్లుడు చర్చిలో మన సంగతి చెప్తన్నాడు అని. చేతులు తుడుచుకుంటా పరిగెత్తుకొచ్చింది."

ఆ ముసలావిడ గుమ్మంలో నిలబడి స్పీకరు వైపు చూస్తున్నట్టు కళ్ళకు కట్టింది.

"తప్పయింది మామా."

"నాకు చెప్తే ఏమొచ్చిద్ది? ఊరంతా ఇన్న మాట. మైకులో అన్నది మైకులోనే అనాల." తన ముద్దలోంచి సగం తుంచి నా చేతిలో పెట్టాడు. "ముందు ఎర పెట్టు. పొద్దు గూకతంది."

ఆ రోజు ముల్లు మొన నా వేలికి రెండుసార్లు గుచ్చుకుంది.

వచ్చిన ఆదివారం కరెంటు ఉంది. సాక్ష్యాల వేళకు నేనే ముందు లేచి మైకు అడిగి తీసుకున్నాను. పాస్టరుగారు వద్దన్నట్టు చూశారు. నేను మోకరించలేదని, నాకు ఏ మాటా వినపడలేదని, వెనక వీధిలో పరుపులు కుట్టే మామ తన జేబులోంచి దూది తీసి నేర్పాడని, ఆ మంచితనాన్ని నేను దొంగిలించి దేవుడి పేరు పెట్టానని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. మా ఆవిడ నేల చూస్తూ కూర్చుంది.

వెనక వీధిలో మిషను ఆడుతూనే ఉంది. ఆగుతుందేమో అని మాట మాటకీ చెవి ఒగ్గాను. దూది అన్నప్పుడు ఒక క్షణం నిలిచాను కూడా. నేను మాట్లాడినంతసేపూ ఆ చప్పుడు ఆగలేదు.