కుంకుమ భరిణెలో చెవి మిషన్

మగాడి ఒంటి మీద ఎన్ని సామాన్లు పడతాయో చూడాలంటే మా గోదావరిఖనికి రావాలి. ఇక్కడ బొగ్గుగనిని బాయి అంటారు. బాయి దిగే మనిషికి నెత్తిన టోపీ, టోపీకి లైటు, నడుముకు ఇటుకంత బ్యాటరీ, కాళ్ళకు బూట్లు, చేతిలో కర్ర. ఇన్నీ తగిలించుకుని మా ఆయన పాతికేళ్ళు దిగాడు, ఎక్కాడు. ఒక్కనాడు బరువనలేదు. శనగగింజంత మిషన్ చెవిలో పెట్టుకోమంటే మాత్రం తల తీసేసినట్టయింది మహానుభావుడికి.

కళ్ళజోడు పెట్టుకోని వాళ్ళను కూడా చూశాను. నేను తెలుగు చెప్పే ప్రైవేటు బడిలో హెడ్‌మాస్టరు కాగితాన్ని చేతికి అందినంత దూరం పట్టుకుని, అయినా కనబడక, "మేడమ్, మీ గొంతు బాగుంటది, మీరు చదవండి" అని నా చేతికిచ్చేవాడు. నా గొంతు మీద ఆయనకు ప్రేమ గట్రా ఏమీ లేదు. జోడు పెట్టుకుంటే ముసలాడినైపోతానని భయం. సరే, ఆయన చూపు ఆనకపోతే పిల్లల మార్కులు అటూ ఇటూ అవుతాయి, అంతే. మా ఆయన సంగతి అట్లా కాదు.

మా ఆయన సర్దార్. బొగ్గు తీసే చోటికి కూలీలు వెళ్ళకముందు సర్దార్ వెళ్తాడు. కర్రతో పైకప్పు మీద కొట్టి చూస్తాడు. గట్టి బండ అయితే ఖంగుమంటుంది. లోపల విడిపోయిన బండ అయితే డొల్లగా, ఖాళీ డబ్బాలా పలుకుతుంది. డొల్లగా పలికితే ఎవర్నీ రానివ్వకూడదు. ఆ బండను కూలగొట్టాలి, లేకపోతే కింద దుంగలు నిలబెట్టాలి. ఆయన చెవి బాగుందంటే పది పన్నెండు మంది ఆ కప్పు కిందికి పోయి నిలబడతారు. ఆ పది పన్నెండు మందిలో మా తమ్ముడు ఒకడు. నాకున్నది వాడొక్కడే. మా అమ్మ పోయాక నా చేతి ముద్ద తిని పెరిగాడు. వాణ్ణి వాళ్ళ బావ గ్యాంగులో వేశారని తెలిసిన రోజు, ఇంక నాకు భయం లేదని దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. ఎంత తెలివిగల దాన్నో చూడండి.

అప్పట్లో ఆయన చెవికి కాలనీలో పెద్ద పేరు. ఎండాకాలం వస్తే మా ఊళ్ళో నేల కూడా కాలుతుంది, చల్లటి నీళ్ళకు రంజన్ లేకుండా ఏ ఇల్లూ గడవదు. మట్టి రంజన్ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు కదా, సన్న పగులుంటే చప్పుడులో తెలిసిపోతుంది. కప్పు మాట విన్న చెవికి కుండ ఒక లెక్కా? మార్చి నెల రాగానే మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్ళంతా "అన్నా, మాకో రంజన్ చూడు" అని మా గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. ఆయన అంగడికి వెళ్ళి, వంగి, కళ్ళు మూసుకుని, వేలు మడిచి కొట్టేవాడు. రంజన్ల చుట్టూ జనం పోగయ్యేవారు. నేను కూడా పక్కన కొంగు సర్దుకుని నిలబడేదాన్ని. అబద్ధం ఎందుకు, గొప్పగానే ఉండేది.

తర్వాత మెల్లమెల్లగా మా ఇంట్లో టీవీ మోత పెరిగింది. నా గొంతు కూడా పెరిగింది. "ఉప్పు తేవాలె" అన్నా అరుపే, "నీ బనీను చినిగింది" అన్నా అరుపే. మా ఇంట్లో ఏ కూర వండారో, ఏ పూట ఏ గొడవయిందో, ఆయనకు ఎప్పుడు విరేచనాలు పట్టుకున్నాయో లైను మొత్తానికి తెలిసేది. ఆయనకు మాత్రం తెలిసేది కాదు.

"ఇనవడుతలేదా నీకు?"

"నాకేమైందే? మంచిగనే ఇనవడుతది. మీ ఆడోళ్ళకే నోట్లె నోట్లె గొణుగుడు అలవాటు."

అదీ జవాబు. లోకమంతా గొణుగుతోంది, ఆయన చెవులు మాత్రం బంగారం! ఫోనొస్తే "ఆఁ... ఆఁ... గట్లనే" అని పెట్టేసేవాడు. అవతలివాళ్ళు చచ్చిన వార్త చెప్పినా గట్లనే, పెళ్ళి వార్త చెప్పినా గట్లనే.

పోరి పోరి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కంపెనీ దవాఖానకు రానన్నాడు, అక్కడ రికార్డుల్లో రాసుకుంటారట. డాక్టరు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, ఇన్నేళ్ళ డ్రిల్లుల మోతకు రెండు చెవులూ సగానికి పైగా పోయాయన్నాడు. మిషన్ పెట్టాడు. "లోపల పని మానేసి పైన పని అడగండి" అని కూడా చెప్పాడు. మా ఆయన బుద్ధిమంతుడిలా తల ఊపాడు. ఆ మిషన్ ఆయన చెవిలో ఎంతసేపు ఉందంటారు? డాక్టరు గది నుంచి బస్టాండు దాకా. బస్టాండులో మా కాలనీ మనిషి ఒకడు దూరంగా కనబడ్డాడు. అంతే, దొంగసొత్తు దాచినట్టు పీకి జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక దాన్ని నా పాత కుంకుమ భరిణెలో పెట్టి, మూత బిగించి, దేవుడి పటాల పక్కన పెట్టాడు. తర్వాత ఎన్నేళ్ళయినా అది అక్కడే. రోజూ అగరుబత్తి పొగ మాత్రం తప్పకుండా అందేది దానికి.

"బాయిలకు బ్యాటరీ సామాను తీస్కపోనియ్యరే, గ్యాసుంటది" అనేవాడు. అది నిజమే, కంపెనీ ఇచ్చే లైటు తప్ప. చేతి గడియారం కూడా పైన పెట్టే దిగాలి.

"మరి ఇంట్ల పెట్టుకోవచ్చు గద? చెవులు పోయినయని చెప్పి కర్ర ఇచ్చెయ్యొచ్చు గద?"

"ఇచ్చేసి? లైట్ల రూముల కూసొని వచ్చేటోళ్ళకు పోయేటోళ్ళకు లైట్లిచ్చుడా? సర్దార్ను నేను!"

మీసానికి రంగు వేసుకుంటూ అన్నాడు ఆ మాట. ఛీ అనిపించింది నాకు.

ఆ ఎండాకాలం ఎప్పటిలాగే అంగడికి పోయి మా లైనుకు నాలుగు రంజన్లు ఏరి తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే పక్కింటి అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చింది. "వదినె, ఇల్లంత నీళ్ళే. మీ రంజన్ కారుతుందా, మాదే కారుతుందా?" మాదీ కారుతోంది. నాలుగింటిలో మూడు కారాయి. "ఆ కుండల ముసల్ది మోసం చేసింది" అని మా ఆయన చొక్కా వేసుకుని బయల్దేరాడు. వెనకాల ఆడవాళ్ళు, నేను, సెలవు రోజని ఇంటికొచ్చిన మా తమ్ముడు.

కుండలమ్మే అవ్వ ఇంత మందిని చూసి కూడా బెదరలేదు. "నలభై ఏండ్ల సంది అమ్ముతున్న బిడ్డా. పగిలిన కుండ ఎవలికన్న అంటగట్టిన్నా? పక్కకు పెట్టినయి గవి. వద్దంటె ఇనలే, ఈ అయ్యనే ఏరుకున్నడు" అంది. వెనక్కి తెచ్చిన రంజన్‌ను ముందుకు లాగి వేలితో కొట్టింది. డొల్లగా, చచ్చిన చప్పుడు. తర్వాత ఒక మంచిదాన్ని కొట్టింది. ఖంగుమంది. మళ్ళీ పగిలినదాన్ని కొట్టింది. అక్కడున్న పసిపిల్లకు కూడా తేడా తెలిసింది.

మా ఆయన తల పంకించి, ఆ పగిలిన దాన్నే చూపించి, "ఇగో, మంచిగనే మోగుతుంది గద" అన్నాడు.

పక్కింటి అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం నవ్వలేదు. చేతికి అందే కుండ పగులే వినబడని మనిషి, నెత్తి మీది బండ పగులు ఏం వింటాడు? మర్నాడు మొదటి షిఫ్టుకు మా తమ్ముడు ఆ బండ కిందికే కదా పోయేది?

తమ్ముణ్ణి పక్కకు లాగి అడిగాను. వాడు నేల చూపులు చూశాడు.

"మాకు ఎరుకే అక్క. అందరికీ ఎరుకే. బావ కొట్టి అటు తిరగంగనే మా గ్యాంగుల ఒకడు మెల్లగ మళ్ళ కొట్టి చూస్తడు. నువ్వు ఫికర్ చెయ్యకు."

"బావకు చెప్పొచ్చు గదరా!"

"ఎట్ల చెప్తం? పెద్దమనిషి. ముఖం చిన్నబోతది."

ఆయన ముఖం చిన్నబోకూడదని పన్నెండు మంది మగాళ్ళు బండ కింద దొంగాట ఆడుతున్నారు! ఆయనకు సిగ్గు లేదు సరే, వీళ్ళకు బుద్ధి లేదా? ఆ రోజు నాకు అందరి మీదా అసహ్యం వేసింది.

మర్నాడు బడికి సెలవు పెట్టి, కుంకుమ భరిణెను సంచిలో వేసుకుని బాయి ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు ముందు భరిణె తెరిచి పెట్టాలని, మా ఆయనను పైకి తీసుకోండని చెప్పాలని. దారంతా మాటలు కూర్చుకున్నాను. గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రాండ్రి వదినమ్మా, సర్దార్ సాబ్ ఇంటోళ్ళకు కుర్చీ ఎయ్యి" అని అటెండరుకు చెప్పాడు. కుర్చీ వేశారు. చాయ్ తెప్పించారు. నేను చాయ్ తాగాను. "ఏం పనిమీద వచ్చిండ్రు?" అంటే, "ఏం లేదు, ఇట్ల పోతుంటె ఆయన షిఫ్టు ఎన్నడు మారుతదో అడుగుదామని" అన్నాను. భరిణెను మళ్ళీ ఇంటికి మోసుకొచ్చి దేవుడి పటాల పక్కన పెట్టాను.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బాయిలన్నీ బందు. టెంటు కింద మగాళ్ళంతా కూర్చుని నినాదాలిచ్చేవాళ్ళు. ముందున్నాయన "జై" అంటే అందరూ "తెలంగాణ" అనేవాళ్ళు. అందరిదీ అయిపోయాక మా ఆయన ఒక్కడి గొంతు "తెలంగాణ" అని లేచేది. పక్కవాడి పెదాలు చూసి అనేవాడు కదా, ఆలస్యమవుతుంది మరి. వెనకాల కుర్రాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. ఈయన అదంతా ఉద్యమ ఉత్సాహమనుకుని పిడికిలి ఇంకా పైకెత్తేవాడు.

సమ్మె ముగిసి మళ్ళీ బాయి దిగారు. నెల దాటి మనిషి అడుగు పెట్టని చోటు, కప్పు ఎట్లా ఉందో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఆఫీసరొకాయన కూడా వెంట వచ్చి పక్కనే నిలబడ్డాడట. మా ఆయన కర్రతో కొట్టాడు. "మంచిగుంది" అన్నాడు. ఆఫీసరు అక్కడి నుంచి కదల్లేదు. ఆయన ముందు మళ్ళీ కొడితే సర్దార్ పరువు పోతుందని, ఆ ఒక్క రోజు ఎవరూ మళ్ళీ కొట్టలేదు.

ఆఫీసరు పోయిన కాసేపటికి బండ చిటపటలాడింది. కూలబోయే ముందు బండ అట్లా చప్పుడు చేస్తుందట, వినగానే పరుగెత్తాలి. అందరూ విన్నారు, అందరూ పరుగెత్తారు. మా ఆయన అటు తిరిగి నిలబడే ఉన్నాడు. అరిచారు. ఎవరికి అరిచారు? మా తమ్ముడు వెనక్కి ఉరికి బావను రెక్క పట్టి ఇవతలికి విసిరేశాడు. వాడి కుడికాలు మాత్రం బండ కింద ఉండిపోయింది.

బడిలో ఉండగా కబురొచ్చింది. మోకాలి కింద తీసేశారు.

మూడో రోజు విచారణకని ఇద్దరు అధికారులు దవాఖానకు వచ్చారు. నేను జావ ఫ్లాస్కు పట్టుకుని మంచం పక్కన ఉన్నాను. వాళ్ళు దగ్గరికొచ్చి గట్టిగా అడిగితే మా ఆయన, "నేను కొట్టి చూసిన సార్. మంచిగనే మోగింది. చప్పుడు లేకుండ పడ్డది" అన్నాడు. అదే మాట, కుండ దగ్గర అన్న మాటే. సిగ్గు పడతాడేమోనని మొహంలోకి చూశాను. నిజంగా నమ్ముతున్నాడు! ఆయనకు వినబడని చప్పుడు లోకంలో పుట్టనే లేదు మరి. అధికారులు మా తమ్ముడి వైపు తిరిగారు.

వాడు నా వైపు చూడకుండా, "అవ్ సార్. మంచిగనే మోగింది" అన్నాడు.

నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది మా ఆయన రిటైరయ్యాడు. దండలు, శాలువా, ఉపన్యాసాలు. "కప్పు మాట విన్న సర్దార్" అని ఒకాయన మైకులో పొగిడాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే చూసి, తన పొగడ్తకు తానే చప్పట్లు కొట్టాడు మా ఆయన. ముందు వరుసలో మా తమ్ముడు పెట్టుడు కాలు చాపుకుని కూర్చున్నాడు. వాడికి కంపెనీ పైన పని ఇచ్చింది, లైట్ల రూములో. వచ్చేవాళ్ళకు పోయేవాళ్ళకు లైట్లిస్తాడు.

మిషన్ ఇంకా భరిణెలోనే ఉంది. ఇప్పుడైనా పెట్టుకోమంటే, "ఇగ ఎందుకే, డ్యూటీ అయిపాయె" అంటాడు.

ఆదివారం ఆదివారం తమ్ముడు మా ఇంటికొస్తాడు. లైను మొదట్లో ఉండగానే వాడి చేతికర్ర సిమెంటు మీద తక్కు తక్కుమంటుంది. పక్కింటి అక్క వింటుంది, ఆమె మనవడు వింటాడు, కుక్క కూడా విని లేస్తుంది. మా ఆయన టీవీ ముందు కూర్చునే ఉంటాడు, వాడొచ్చి ఎదురుగా నిలబడేదాకా ఆయనకు తెలియదు. ఉప్పు కోసం, బనీను కోసం ఇన్నేళ్ళు లైనంతా వినేలా అరిచిన నేను, ఆ రోజు ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఆ ఒక్క మాట మెల్లగా కూడా అనలేదు. ఆ చాయ్ తాగి వచ్చాను. కర్ర చప్పుడు మా గుమ్మం దగ్గరికి వచ్చేలోపు లేచి తలుపు తీస్తాను. నా చెవులు బాగానే ఉన్నాయి.